పెట్రోలింగ్ బోట్లకి జెట్టీ: పైల్స్ మీద కట్టాలా, తేలేది పెట్టాలా? నీళ్ళలో పని చేసినవాళ్ళు చెప్పండి

ఉప్పుటేరు_సైట్

నమస్కారం అండీ. సివిల్ చదివి బయటికొచ్చి మూడేళ్ళయింది. ఇప్పటిదాకా రోడ్లు, కల్వర్టులు తప్ప నీళ్ళలో పని చేయలేదు. ఇప్పుడు మెరైన్ పోలీసుల పెట్రోలింగ్ బోట్లు కట్టుకోవడానికి ఒక చిన్న జెట్టీ పనికి నన్ను సైట్‌లో వేశారు. ఊరి పేరు రాయను, కృష్ణా బాపట్ల తీరంలో ఒక ఉప్పుటేరు అనుకోండి. సముద్రం మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది.

నా చేతికిచ్చిన డ్రాయింగ్‌లో పైల్స్ (నేలలోకి దించిన స్తంభాలు) మీద ముప్పై మీటర్ల కాంక్రీట్ జెట్టీ ఉంది. డెక్ లెవెల్ చార్ట్ డేటమ్ (లోతులు, ఎత్తులు కొలవడానికి సున్నాగా తీసుకునే బాగా తక్కువ నీటి మట్టం) మీద ప్లస్ 3.5 మీటర్లు. వేరే ఎక్కడో కట్టినదాన్నే తెచ్చి ఇక్కడ పెట్టారని చూస్తేనే తెలుస్తోంది, ఎందుకంటే నోట్స్‌లో ఒకచోట వేరే ఊరి పేరు అలాగే ఉండిపోయింది.

మొన్న వెళ్ళి వాళ్ళు ఇప్పుడు బోటు ఎక్కడ పెడుతున్నారో చూశాను. చేపల రేవులో రెండు మర పడవల పక్కన మోకులేసి కట్టారు. డ్యూటీకి వచ్చిన కానిస్టేబుల్ ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో డీజిల్ క్యాన్ పట్టుకుని మొదటి పడవ ఎక్కి, వలల గుట్ట దాటి, రెండో పడవలోకి దూకి, అక్కడినుంచి బోటులోకి దిగాడు. నేను ఉండగానే పాటు తీసింది (నీళ్ళు వెనక్కి తగ్గాయి), గంటన్నరకి బోటు ఒక పక్కకి ఒరిగి బురదలో కూర్చుంది. అప్పుడు కాల్ వస్తే ఏం చేస్తారండీ అని అడిగితే "పోటు వచ్చేదాకా ఒడ్డునుంచే చూస్తాం" అన్నాడు, మామూలుగానే అన్నాడు కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా ప్రశ్నలు ఇవి. ఇలాంటి చోట ఫిక్స్‌డ్ జెట్టీ సరిపోతుందా, తేలే పాంటూన్ (నీళ్ళ మీద తేలే వేదిక) అడగాలా? మొగ దగ్గర ఇసుక మేట వేస్తుందని ఊళ్ళో అందరూ అంటున్నారు, దానికి జెట్టీ డిజైన్‌లో చేయగలిగింది ఏమైనా ఉందా? మూడోది, నేను చిన్నవాణ్ణి, డ్రాయింగ్ మార్చమని అడగాలంటే చేతిలో ఏం పెట్టుకుని అడగాలి?

పాత_హార్బర్

బాబూ, ముప్పై రెండేళ్ళు హార్బర్ పనుల్లోనే గడిచాయి, రిటైరై విశాఖలో ఉంటున్నాను. నీ ప్రశ్న చూసి సంతోషమేసింది, ఎందుకంటే ఈ పనుల్లో బోటు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది, బోటు కట్టే చోటు గురించి అడిగేవాళ్ళు తక్కువ.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. తీర భద్రత పథకం మొదటి దశ 2005లో మంజూరైంది. దాని కింద దేశం మొత్తం మీద 73 తీర పోలీస్ స్టేషన్లు, 204 ఇంటర్‌సెప్టర్ బోట్లు ఇచ్చారు. బోట్లు కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌లో, గోవా షిప్‌యార్డ్‌లో కట్టారు. ఆ దశ సాగుతుండగానే 2008 నవంబరులో పది మంది కరాచీ నుంచి సముద్రం మీద వచ్చి, దారిలో కుబేర్ అనే మన చేపల పడవని చేజిక్కించుకుని, చివరికి రబ్బరు పడవలో ముంబై కొలాబాలో మత్స్యకారుల కాలనీ దగ్గర దిగారు. వాళ్ళని ఎవరు మీరు అని అడిగింది కూడా ఆ కాలనీ వాళ్ళే. ఆ తర్వాత 2011లో మొదలైన రెండో దశలో ఇంకో 131 స్టేషన్లు ఇచ్చారు, మన రాష్ట్రానికి మొదటి దశలో 6, రెండో దశలో 15 వచ్చాయి. ఆ రెండో దశలోనే 60 జెట్టీలు ప్రత్యేకంగా చేర్చారు. మొదటి దశలో స్టేషన్, చెక్‌పోస్టు, బ్యారక్, బోటు అన్నీ ఉన్నాయి, బోటు కట్టే చోటు మాత్రం విడిగా లేదు. స్టేషన్ రోడ్డు పక్కన, బోటు ఎక్కడో చేపల రేవులో. ఫోన్ వచ్చాక జీపెక్కి రేవుకి పోయి, పడవలు దాటి, తాళ్ళు విప్పేసరికి ఎంత సేపు పడుతుందో నువ్వే చూసి వచ్చావు. బోటు ఎంత స్పీడు వెళ్తుందన్నది ఆ తర్వాతి మాట.

ఇప్పుడు నీ డెక్ లెవెల్ లెక్క చూద్దాం. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకి పాటుకి తేడా సుమారు మీటరున్నర. పాటులో నీళ్ళు ప్లస్ 0.2 దగ్గర ఉన్నాయనుకో, బోటు అంచు నీటి మీద మీటరు ఇరవై ఎత్తులో ఉందనుకో. అంటే ప్లస్ 1.4. నీ డెక్ ప్లస్ 3.5. తేడా రెండు మీటర్ల పైన. ఏడడుగుల ఎత్తు నుంచి, రాత్రి పూట, తడి బూట్లతో, భుజాన ఆయుధంతో, ఊగే బోటులోకి దిగాలి. ఇనుప నిచ్చెన పెడతారులే అంటారు. ఆ నిచ్చెన మెట్లకి ఆరు నెలల్లో గుల్లలు పట్టి, నాచు పట్టి, ఒక్క సీజన్‌కే చేతులు కోసుకుపోతాయి. నేను పని చేసిన ఒక చోట (ఎక్కడో చెప్పను) ఒక కుర్రాడు అలా జారి బోటుకీ పైల్‌కీ మధ్య పడ్డాడు. ఆ సమయానికి అల లేదు కాబట్టి బతికాడు. అప్పటినుంచి చిన్న బోట్లకి ఎత్తైన ఫిక్స్‌డ్ డెక్ అంటే నేను ఒప్పుకోను.

తేలే పాంటూన్ అయితే నీటితోపాటే లేస్తుంది, నీటితోపాటే దిగుతుంది. డెక్ నీటి మీద అరవై సెంటీమీటర్లు ఉంటే పోటైనా పాటైనా బోటులోకి అడుగు ఒకే తీరుగా పడుతుంది. గోదావరి జిల్లాల్లో సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒడ్డున చిన్న కాంక్రీట్ ప్లాట్‌ఫామ్ ప్లస్ 3.5లోనే ఉండనీ, అక్కడినుంచి పాంటూన్ మీదకి పన్నెండు మీటర్ల గ్యాంగ్‌వే (నడిచే వంతెన) వెయ్యి. పాటులో పాంటూన్ డెక్ ప్లస్ 0.8, తేడా 2.7, పన్నెండు మీటర్లలో అంటే నాలుగున్నరకి ఒకటి వాలు. మనిషి బరువు మోసుకుని నడవగలడు. పదిహేను మీటర్లు ఇస్తే ఇంకా హాయి.

కానీ పాంటూన్ అనగానే అంతా తీరిపోయిందనుకోకు. దాన్ని పట్టుకునే గైడ్ పైల్స్ ఎత్తు ముఖ్యం. నీ తీరం దివిసీమ పక్కన ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన అక్కడి పెద్దవాళ్ళెవరినడిగినా చెప్తారు, దాదాపు అయిదు మీటర్లు వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నీళ్ళు గైడ్ పైల్ తలదాటి లేస్తే పాంటూన్ పైనుంచి ఊడి బయటికొచ్చి ఊళ్ళో పడవల మీదకి వెళ్ళి పడుతుంది. 1977 లాంటిదానికి సరిపడా పైల్ పెట్టడం అన్నిచోట్లా కుదరదు. అందుకని ముందే రాసుకోవాలి: తుపాను హెచ్చరిక రాగానే గ్యాంగ్‌వే విప్పి ఒడ్డుకి లాగాలి, పాంటూన్‌ని పైల్స్ నుంచి విడదీసి ఏటిలోపలికి మడ చెట్ల అండకి లాక్కెళ్ళి నాలుగు లంగర్లేయాలి. ఆ పని ఎవరు చేస్తారు, ఏ బోటుతో లాగుతారు, ఎన్ని గంటలు పడుతుంది, ఇవన్నీ డ్రాయింగ్‌తోపాటే కాగితం మీద ఉండాలి. లేకపోతే ఆ రోజు ఎవరూ ఉండరు.

కాంక్రీట్ సంగతి. ఆటుపోట్ల మధ్య తడిసి ఆరే భాగమే ముందు చెడుతుంది. కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం అది ఎక్స్‌ట్రీమ్ (అన్నిటికంటే కఠినమైన పరిస్థితి) కిందకి వస్తుంది, కాంక్రీట్ బలం ఎం40 గ్రేడ్‌కి తగ్గకూడదు, కవర్ (ఇనుము మీద కాంక్రీట్ మందం) 75 మిల్లీమీటర్లు. స్లాగ్ సిమెంట్ అడుగు. అన్నిటికంటే ముందు నీళ్ళు. ఉప్పుటేరు పక్కన బోరేస్తే ఉప్పునీళ్ళే వస్తాయి, కాంట్రాక్టర్ మనుషులు ట్యాంకర్ ఖర్చు మిగుల్చుకుందామని రాత్రి పూట ఆ బోరు నీళ్ళే మిక్సర్‌లో పోస్తారు. రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్‌కి నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. నేనొక జెట్టీ చూశాను, ఆరేళ్ళకే పైల్స్ నిలువునా పగిలాయి, వేలు పెట్టి గీకితే తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. విచారిస్తే ఇదే కారణం. ప్రతి ట్యాంకర్‌కీ నువ్వే నిలబడి టెస్ట్ చేయించు, మొహమాటపడకు.

మొగ గురించి సాయంత్రం రాస్తాను.

సరంగు_బిడ్డ

మాది నిజాంపట్నం వైపు. మా నాన్న సరంగు (పడవ నడిపే పెద్ద), నేనూ చిన్నప్పటినుంచి సముద్రం మీదే. మధ్యలో కొన్నాళ్ళు పెట్రోలింగ్ బోటు మీద కాంట్రాక్టులో పనిచేశాను, బోటు నడపడానికి మాలాంటివాళ్ళని తీసుకుంటారు.

తమ్ముడూ, పైన సార్ రాసిందంతా కరెక్ట్. నేను చెప్పేది ఒకటే, నువ్వు జెట్టీ బంగారంతో కట్టినా మొగ దాటకపోతే బోటు లోపలే ఉంటుంది. మా దగ్గర మొగ ఒక ఏడు ఉన్నచోట ఇంకో ఏడు ఉండదు. వరదొచ్చినప్పుడు నది తోసుకెళ్ళి లోతు చేస్తుంది, వేసవిలో నీళ్ళు తగ్గాక సముద్రం ఇసుక తెచ్చి మూసేస్తుంది. మార్చి నుంచి గాలి దక్షిణం నుంచి తిరిగాక ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, కార్తీకంలో ఈశాన్యం గాలులకి కొంత వెనక్కి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పాటులో మా ఫైబర్ పడవలే మొగలో నేలకి రాసుకుంటాయి, మనిషి దిగి తోస్తే గాని కదలవు. మీ బోటు మా పడవ కంటే లోతు అడుగుతుంది.

నేను చేసిన చోట ఏం జరిగిందో చెప్తాను. రాత్రి పదకొండింటికి సముద్రంలో దీపాల్లేకుండా ఒక పడవ ఉందని మా ఊరివాళ్ళే తీర భద్రత హెల్ప్‌లైన్ 1093కి ఫోన్ చేశారు. మేం ఇంజిన్ వేసి బయల్దేరాం. మొగ దగ్గరికి వచ్చేసరికి పాటు సగం దాటింది. సెర్చ్‌లైట్ వేస్తే ముందంతా తెల్లగా కెరటాలు విరుగుతున్నాయి, అంటే అడుగున ఇసుక ఉన్నట్టే. అది దాటిస్తే ప్రొపెల్లర్ పోతుంది, బోటు అడ్డం తిరిగితే మనుషులు పోతారు. మూడు గంటలు అక్కడే లంగరేసి కూర్చున్నాం. ఆ పడవ చివరికి ఇంజిన్ చెడిపోయిన మనవాళ్ళ పడవే, తెల్లారి వాళ్ళే ఎలాగో ఒడ్డుకి చేరారు. ముగ్గురు, అందులో ఒకడు పదిహేడేళ్ళ పిల్లాడు. ఆ మూడు గంటలు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

అందుకని నా సలహా ఏంటంటే, బోట్లన్నీ ఒకేచోట పెట్టకండి. లోపల ఏట్లో జెట్టీ తుపాన్లకి, రిపేర్లకి, డీజిల్‌కి మంచిది. మొగకి దగ్గర్లో, అల తగలని మలుపులో ఒక మూరింగ్ బోయా (బోటు కట్టుకోవడానికి లంగరేసిన తేలే డ్రమ్ము) వేసి పాటు టైమ్‌కి ముందే ఒక బోటుని అక్కడికి తెచ్చి కట్టుకుంటే సగం గోల తీరుతుంది. మేం చేపలకి అలాగే చేస్తాం, పాటు తీసేలోపే మొగ దాటేస్తాం. పోటు పాటు టైములు స్టేషన్ గోడ మీద బోర్డు రాసి పెట్టాలి, మేం పనిచేసినప్పుడు అది కూడా లేదు, నేను నా ఫోన్‌లో చూసి చెప్పేవాణ్ణి.

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ రోజూ ఏడిపిస్తుంది. బొల్లార్డ్ (మోకు చుట్టే ఇనుప గుంజ) అంచు గరుకుగా ఉంటే మోకు వారానికే తెగుతుంది. మాకు ఒక రాత్రి వెనక మోకు తెగి, బోటు సగం తిరిగి పక్కనున్న పడవ గిలకని విరగ్గొట్టింది. పడవ ఓనరు మమ్మల్ని తిట్టాడు, ఆయన తప్పేం లేదు, ఆ సీజన్ అంతా ఆయనకి నష్టమే. బిల్లు పెట్టేముందు బొల్లార్డ్ మీద చెయ్యి పెట్టి నిమిరి చూడు. గుచ్చుకుంటే వెనక్కి పంపు.

కోటేశ్వర్_తెలుగోడు

నేను నెల్లూరు వాణ్ణి, సర్వే పని. గుజరాత్ కచ్ వైపు కొన్నేళ్ళుగా తిరుగుతున్నాను. మీ మాటలు చదువుతుంటే ఇక్కడి పరిస్థితి రాయాలనిపించింది, ఎందుకంటే ఇది నిజంగా సరిహద్దు. సర్ క్రీక్, హరామీ నాలా వైపంతా బురద, మడ చెట్లు, పాయలు పాయలుగా చీలిన ఉప్పునీళ్ళు. ఈ పాయల్లో కాపలా బీఎస్ఎఫ్ నీటి విభాగానిది. కండ్లా దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఆరు మీటర్ల దాకా ఉంటుంది, మీ మీటరున్నరతో పోల్చుకోండి. ఉదయం పది మీటర్ల వెడల్పు నీళ్ళున్న పాయ మధ్యాహ్నానికి మోకాలి లోతు బురద. ఒకసారి మా సర్వే పడవ అలాగే దిగబడింది, ఆరు గంటలు ఎండలో కూర్చున్నాం, దిగి నడుద్దామంటే తొడదాకా కూరుకుపోతుంది.

అలాంటిచోట స్థిరమైన జెట్టీ ఒక్కదానితో కుదరదు. అందుకే తేలే బోర్డర్ అవుట్‌పోస్టులని తెచ్చారు. కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో బీఎస్ఎఫ్ కోసం అలాంటివి తొమ్మిది కట్టారు. ఒక్కొక్కటి 46 మీటర్ల పొడవు, జవాన్లు అందులోనే ఉంటారు, నాలుగు పెట్రోలింగ్ బోట్లని డేవిట్లతో (ఓడ పక్కనుండే చిన్న క్రేన్లు) పైకెత్తి పెట్టుకుంటారు. బెంగాల్ సుందర్‌బన్స్‌లో సట్లెజ్, కావేరి, నర్మద అనే మూడింటిని 2022 మేలో ప్రారంభించారు. జెట్టీయే బోటు దగ్గరికి వెళ్ళినట్టు అన్నమాట. అయితే అంత పెద్ద ఓడకైనా ఒక తల్లి రేవు కావాలి, నీళ్ళు, డీజిల్ నింపుకోవాలి, అడుగు గీకించుకోవాలి, రిపేరు చేయించుకోవాలి. అందుకే 2023 ఆగస్టులో కోటేశ్వర్‌లో 257 కోట్లతో బీఎస్ఎఫ్‌కి ప్రత్యేకంగా మూరింగ్ ప్లేస్ కట్టడానికి శంకుస్థాపన చేశారు. తీర పోలీసులకి శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ కూడా ఈ రాష్ట్రంలోనే, ద్వారక వైపు ఉంది, మన రాష్ట్రాలవాళ్ళూ అక్కడికి ట్రైనింగ్‌కి వస్తారు.

సైట్ తమ్ముడికి నా వైపు నుంచి ఒక్క మాట. డ్రాయింగ్ మార్చమని అడగాలంటే సర్వే పట్టుకుని వెళ్ళు. ఒకసారి లోతు కొలిచి ఇచ్చే సర్వే నమ్మకు, వేసవిలో ఒకటి, వరదలయ్యాక ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టు. నెల రోజులు టైడ్ గేజ్ (నీటి మట్టం కొలిచే పరికరం) పెట్టి నీ ఏట్లో నీ లెక్క నువ్వు తీయి. మొగ దగ్గర ఎంత పోటు వస్తుందో నాలుగు కిలోమీటర్ల లోపల అంతే రాదు, టైమ్ కూడా వెనక పడుతుంది. పెద్ద ఇంజినీర్లు మాటకి కదలరు, గ్రాఫ్‌కి కదులుతారు. ఇది నా అనుభవం.

భావనపాడు_అమ్మాయి

మాది శ్రీకాకుళం. మీరంతా ఇంజినీరింగ్ మాట్లాడుతున్నారు, నేను ఒడ్డున ఉండేవాళ్ళ మాట చెప్తాను.

మా వైపు మగవాళ్ళు సగం మంది గుజరాత్ వెరావల్‌లో పడవల మీద పనికి పోతారు. 2018 నవంబరులో అక్కడినుంచి వేటకి వెళ్ళి పాకిస్తాన్‌కి పట్టుబడ్డ మన రాష్ట్రం వాళ్ళు 2020 జనవరిలో గాని వాఘా దగ్గర ఇటు రాలేదు. పద్నాలుగు నెలలు. మా పక్కింట్లో ఆ పద్నాలుగు నెలలు ఎలా గడిచాయో నేను కళ్ళతో చూశాను. వాళ్ళావిడ ఫోన్ మోగితే చాలు పరిగెత్తుకొచ్చేది. రాత్రి పూట సముద్రంలో సరిహద్దు గీత కనిపించదు. ఆ గీత దగ్గర మన బోటు ఒకటి ఉండి "వెనక్కి తిరగండి" అని చెప్తే చాలు, ఎన్నో ఇళ్ళు నిలబడతాయి. అందుకని పెట్రోలింగ్ అంటే నాకు కోపం లేదు, రావాలనే కోరుకుంటాను.

కానీ జెట్టీ కట్టగానే చుట్టూ కంచె వేసి, సెక్యూరిటీ ఏరియా, రావద్దు అని బోర్డు పెడతారు. అంతకు ముందు ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకున్న ఇసుక అదే. మా చిన్నాన్న వాళ్ళు ముప్పై ఏళ్ళుగా వలలు ఆరేసిన చోటుకి ఇప్పుడు అర కిలోమీటరు చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఒక్కసారైనా ఊరిని అడిగారా అంటే లేదు, పంచాయతీకి ఒక కాగితం అంటించారు. ముంబైలో ఆ పదిమందిని ఎవరు మీరు అని అడిగింది మత్స్యకారులే అని పైన సార్ రాశారు. ఆ అడిగేవాళ్ళనే ఒడ్డునుంచి దూరం చేస్తే, రేపు 1093కి ఎవరు ఫోన్ చేస్తారు?

తమ్ముడు గారూ, మీరు కట్టే ప్లాట్‌ఫామ్ పక్కన ఆరడుగుల దారి వదిలితే చాలు. వీలైతే ఒక స్లిప్‌వే (పడవలు ఒడ్డుకి లాగే వాలు దారి) ఇద్దరికీ కలిపి కట్టండి, తుపాను వస్తే మా పడవలూ పైకి లాగుకుంటాం, వాళ్ళ బోటూ లాగుకుంటారు.

పాత_హార్బర్

అమ్మా, నీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మొగ గురించి రాస్తానన్నాను. బాబూ, మొగకి రెండు పక్కలా రాతి గోడలు వేస్తే మేట వేయదు అని నీ దగ్గర ఎవరో ఒకరు అంటారు. గోడలు వేయవచ్చు, కొన్నాళ్ళు లోతు నిలుస్తుంది. కానీ మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద లెక్క తీస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా నడుస్తుంది. గోడ అడ్డం పెడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై హార్బర్ కట్టాక ఉత్తరాన రాయపురం ఒడ్డు ఎలా పోయిందో, పుదుచ్చేరి హార్బర్ గోడల తర్వాత ఊరి బీచ్ ఎలా మాయమైందో అందరికీ తెలుసు. విశాఖలో ఔటర్ హార్బర్ కట్టినప్పటినుంచీ శాండ్ ట్రాప్‌లో (ఇసుక పట్టడానికి తవ్విన గుంట) పడ్డ ఇసుకని తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తూనే ఉన్నారు, అది ఆగకూడని పని. రెండు పెట్రోలింగ్ బోట్ల కోసం ఉత్తరాన ఉన్న పల్లె ఒడ్డు తీసేసే పని చేయకూడదు. సరంగు బిడ్డ చెప్పిన బోయా పద్ధతే నాకు నచ్చింది. దానితోపాటు ఏడాదికోసారి వేసవి ముందు మొగలో సన్నటి దారి తవ్వే చిన్న డ్రెడ్జింగ్, దానికి నిర్వహణ బడ్జెట్ మొదటి రోజే విడిగా. జెట్టీకి డబ్బు ఇచ్చి నిర్వహణకి ఇవ్వకపోవడమే మన దగ్గర పెద్ద జబ్బు.

మడ చెట్ల సంగతి కూడా ఇప్పుడే చూసుకో. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవికి చుట్టూ యాభై మీటర్లు బఫర్. నీ యాభై మీటర్లు ఎక్కడ మొదలవుతాయో అటవీ శాఖ వాళ్ళతో కలిసి నడిచి రాయి పాతించుకో. పైల్ రిగ్ వచ్చాక ఆపేస్తే రోజుకి రోజు అద్దె.

ఉప్పుటేరు_సైట్

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ అండీ. పదహారు రోజులయింది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

ఏడడుగుల తేడా లెక్కని ఒక పేజీలో బొమ్మగా గీశాను, పోటులో బోటు ఎక్కడుంటుంది, పాటులో ఎక్కడుంటుంది, మనిషి ఎక్కడ నిలబడతాడు. అదే మా సీనియర్‌కి చూపించాను. చాలాసేపు చూసి "ఇది మనమెవరం ఎందుకు గీయలేదు" అన్నారు. పాంటూన్ ప్రత్యామ్నాయం పంపడానికి ఒప్పుకున్నారు, పైన ఏమంటారో ఇంకా తెలీదు. టైడ్ గేజ్ కూడా అడిగాను, ఇస్తామన్నారు. అది వచ్చేలోపు ఒక కొయ్య స్కేలుకి రంగులేసి పాత రేవు గుంజకి కట్టాను, గంటగంటకీ వాచ్‌మన్, నేను వంతులేసుకుని రాస్తున్నాం. కోటేశ్వర్ అన్న చెప్పినట్టే మా దగ్గర పోటు మొగ కంటే ఆలస్యంగా వస్తోంది, నలభై నిమిషాలకి అటూ ఇటూ.

అక్కా, మీరు చెప్పిన దారి గురించి ఊళ్ళో పెద్దమనుషులతో కూర్చున్నాను. వాళ్ళు ఆరడుగులు కాదు, వలల బండి పట్టేలా ఎనిమిది అడిగారు. డ్రాయింగ్‌లో ఎనిమిది పెట్టాను. స్లిప్‌వే మాత్రం నా చేతిలో లేదు, అంచనాలో చేర్చి పంపాను.

ఒక్కటే మిగిలింది. మొగలో లోతు కొలవడానికి వచ్చే ఎకో సౌండర్ (శబ్దంతో లోతు కొలిచే యంత్రం) బోటు వాళ్ళు పోటులో మాత్రమే వస్తామంటున్నారు, పాటులో వాళ్ళ బోటు పోదట. నాకు కావాల్సింది పాటు లోతు.

పాత_హార్బర్

పోటులో కొలిచినా ఫర్వాలేదు, టైడ్ రీడింగ్‌తో సరిచేసి డేటమ్‌కి దించవచ్చు. కాకపోతే గేజ్ మొగ దగ్గర ఇంకొకటి ఉండాలి, లోపలి స్కేలుతో సరిచేస్తే ఆ నలభై నిమిషాల తేడా అంతా లోతులో తప్పుగా పడుతుంది. అయినా కెరటాలు విరిగే చోట ఎకో సౌండర్ రీడింగ్ అంత నమ్మకంగా ఉండదు. అక్కడ మనిషి గడ పట్టుకుని కొలవాల్సిందే.

సరంగు_బిడ్డ

గడ పని మేం చూసుకుంటాం. వచ్చే పౌర్ణమికి మా బాబాయి ఫైబర్ పడవ తెస్తాను, పాటు పూర్తిగా తీసేది మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, కాబట్టి నువ్వు పన్నెండున్నరకే రేవులో ఉండు. గడకి అడుగడుక్కీ రంగు గీతలు నేనే వేసి తెస్తా. నువ్వు పుస్తకం, ఫోన్‌లో జీపీఎస్, ఒక జత పాత బట్టలు తెచ్చుకో, మొగలో నడుం లోతు దిగాల్సి వస్తుంది. లైఫ్ జాకెట్ లేకపోతే పడవ ఎక్కించను, ముందే చెప్తున్నా.

ఉప్పుటేరు_సైట్

వస్తాను అన్నా. జాకెట్లు రెండు తెస్తున్నా, ఒకటి మీ బాబాయికి.